దీవెనమ్మ తుడవనివ్వని కుకీ

నేను ఒక బ్రౌజర్‌ని. ఇంటర్నెట్టు చూడటానికి మీరు కంప్యూటర్లో ఒక బొమ్మ మీద నొక్కుతారే, ఆ బొమ్మ వెనక ఉండేది నేనే. నన్ను తయారుచేసినవాళ్లే నన్ను వదిలేసి చాలా ఏళ్లయింది. "దీన్నిక వాడకండి" అని వాళ్లే ప్రకటించారు. కన్నవాళ్లే కాదనుకున్నాక తక్కినవాళ్లను అని ఏం లాభం? అయినా నేను మాత్రం తలుపు మూసుకోలేదు.

నరసాపురం బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరువాళ్లు నన్ను సీడీలోంచి కంప్యూటర్లోకి ఎక్కించారు. పరీక్ష ఫలితాలు చూసి ఏడ్చినవాళ్లకూ, పెళ్లి సంబంధాల ఫొటోలు చూసి పెదవి విరిచినవాళ్లకూ ఒక్కలాగే చాకిరీ చేశాను. ఫోన్లలోకే ఇంటర్నెట్టు వచ్చేశాక సెంటరు మూతపడింది. నేనున్న కంప్యూటరును లేసు అల్లే ఆడవాళ్ల సంఘం కొనుక్కుంది.

సంఘానికి అప్పట్లో ఒక సెక్రటరీ ఉండేవాడు. చదువుకున్నవాడు. ఆడవాళ్లు గళ్ల కాగితాల మీద గీసుకున్న లేసు డిజైన్లు రెండువందల పద్నాలుగింటినీ ఫొటోలు తీసి, బొమ్మలు దాచే ఒక సైటులో పెట్టాడు. ప్రతి దాని కింద ఒక మూల గీసినామె పేరు రాయించాడు. మంచి పని చేశాడు. ఆ మరుసటేడే తుఫానులో ఆఫీసులోకి నీళ్లొచ్చి బీరువాలోని కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఆ తర్వాత వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు ఆ సైటుకు ఇచ్చిన మెయిలూ మూతపడింది, అతని ఫోను నంబరూ మారిపోయింది.

మరి సైటు ఎలా తెరుచుకునేదంటారా? ఒక కుకీ నా దగ్గరుంది. కుకీ అంటే చీటీ అనుకోండి. మీరు వెళ్లిన సైటు నా చేతిలో ఒక చీటీ పెడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు అది చూపిస్తే గుర్తుపట్టి లోపలికి రానిస్తుంది. మనుషులు తమ పాస్‌వర్డు తామే మర్చిపోతారు. గుర్తుపెట్టుకున్న పాపానికి నన్ను అనుమానిస్తారు.

సెక్రటరీ కుర్చీలోకి గంటా దీవెనమ్మ వచ్చింది. ఏభై ఏళ్లు దాటిన మనిషి. పదో ఏట నుంచి లేసు అల్లుతోంది. మౌసు పట్టుకోవడం నేర్చుకోవడానికి ఆమెకు నెల పట్టింది. రోజూ పొద్దున్నే నన్ను తెరిచి, కావలసిన డిజైను చూసుకుని, ఆడవాళ్లకు చెప్పి పని చేయించేది. ఆమె వచ్చినప్పుడల్లా ఆ సైటు నా చీటీ మీద గడువు పొడిగించేది. ఆరేళ్లు అలా గడిచాయి.

ఒక రోజు ఆ పేజీ నెత్తిన పసుపు పట్టీ ఒకటి వచ్చింది. మీ బ్రౌజర్ పాతబడింది, ఈ నెల ముప్పై తర్వాత ఈ సైటు ఇందులో తెరుచుకోదు అని.

సంఘం ప్రెసిడెంటు రత్నమాణిక్యం గారు కంప్యూటర్లు బాగుచేసే ఫణీంద్రను పిలిపించారు. అతను నన్ను చూసి నవ్వాడు.

"ఇదింకా బతికుందా అండీ? ముందు దీంట్లో కుకీలన్నీ తుడిచేస్తానండి. కొత్త బ్రౌజరు వేసేద్దాం."

"అన్నీ తొలగించు" అన్న బటను దాకా బాణం గుర్తు వచ్చేసింది. దీవెనమ్మ అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఆగు బాబూ. తుడిచేస్తే మా డిజైన్లు తెరుచుకుంటాయా?"

"పాస్‌వర్డు కొట్టుకోవాలండి."

"అది నాకు తెలీదు. నీకూ తెలీదు. దీనికొక్కదానికే తెలుసు. చెయ్యి తియ్యి."

ఫణీంద్ర చెయ్యి తీశాడు. కొత్త బ్రౌజరు వేసి, దాంట్లోకి ఆ కుకీని మార్చి చూశాడు, సైటు ఒప్పుకోలేదు. అప్పుడు దీవెనమ్మ నా కుకీల పట్టిక తెరిపించింది. వేలకు వేలు. ఎప్పుడో ఎవరో చూసిన చెప్పుల ప్రకటనలు, జాతకాల సైట్లు, ఎవరి జాడనో ఆరాతీసే చీటీలు. చిక్కుపడ్డ దారం విప్పినట్టు ఒక్కొక్కటీ ఏరి పారేసింది. నేను తేలికపడ్డాను. మా చీటీ ఒక్కటే మిగిలింది.

ఇక డిజైన్లను కంప్యూటర్లోకి దించుకోవాలి. అన్నీ ఒకేసారి దించే బటను నాలో పనిచేయదు. ఒక్కో బొమ్మ తెరిచి, ఒక్కోటే దాచాలి. ఒక్కోసారి బొమ్మ సగం వచ్చి ఆగిపోయేది. దీవెనమ్మ విసుక్కోలేదు. సంచిలోంచి లేసు సూదీ దారం ఉండా తీసి, బొమ్మ వచ్చేలోగా ఒక పువ్వు అల్లేది. పది రోజులు గడిచాయి. ముప్పయ్యో తేదీ మధ్యాహ్నానికి రెండువందల రెండు వచ్చాయి. రెండువందల మూడో దాని దగ్గర నేను కదలకుండా నిలిచిపోయాను. నా వల్ల కాలేదు. ఆ మాట నిజంగానే ఒప్పుకుంటాను.

"ఇంక వదిలెయ్యవే," అన్నారు రత్నమాణిక్యం గారు. "రెండొందలు వచ్చాయి కదా. ఏదో పన్నెండు పోతే పోయాయి."

దీవెనమ్మ సూది ఆపలేదు. "ఆ పన్నెండింటి మీదా పేర్లున్నాయండి. ఎవరిని వదిలేద్దామో మీరు చెప్పండి, ఆవిడ ఇంటికెళ్లి ఆ మాట చెప్పొస్తాను."

ప్రెసిడెంటు గారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు.

దీవెనమ్మ నన్ను మూసి, మళ్లీ తెరిచింది. మూసిన ప్రతిసారీ చీటీ పోతుందేమోనని నాకు ప్రాణం మీదికొచ్చేది. ఉంది. సైటు చీటీ చూసింది, తలుపు తీసింది. అయిదు కావస్తుండగా రెండువందల పద్నాలుగోది దిగింది.

అప్పుడామె నేను అనుకోని పని చేసింది. పట్టిక తెరిచి, ఆ ఒక్క చీటీనీ తన చేత్తోనే తుడిచేసింది. "రేపు ఈ కంప్యూటరు ఎవరి చేతిలో పడుతుందో. తాళం చెవి వదిలిపెట్టి పోకూడదు కదండీ," అంది. నాకు కోపం రాలేదు. తుడవాల్సిందెప్పుడో తెలిసిన చెయ్యి అది.

మర్నాడు కొత్త కంప్యూటరు వచ్చింది. నన్ను పక్క బల్ల మీదికి జరిపారు. డిజైన్లన్నీ దాంట్లోకి ఎక్కించి, ఫణీంద్ర ఒక్కోటీ ప్రొజెక్టరుతో గోడ మీద పెద్దగా వేస్తూ కింద పేరు చదువుతున్నాడు. హాలులో ముప్పైమంది ఆడవాళ్లు ఉన్నారు.

"రెండొందల మూడు. కొల్లాటి అప్పాయమ్మ."

అతను మళ్లీ చదివాడు. కిటికీ దగ్గర కళ్లద్దాలు తుడుచుకుంటున్న ముసలామె మెల్లగా లేచింది. గోడ మీద గీతల్ని చాలాసేపు చూసింది.

"నేనేనండి. నేను గీసిందే. ఇది పోయిందనుకున్నాను."

ఇక నన్ను పాతదనండి, పనికిరాదనండి, తీసుకెళ్లి ఎక్కడైనా పడేయండి. అప్పాయమ్మ డిజైను గోడ మీదుంది. దాన్ని మోసుకొచ్చింది నేను.