ఊపిరి తూకం, పైన కొసరు

నేను ఒక తూకపు యంత్రాన్ని. నేను తూచే సరుకు ఊపిరి. డాక్టర్లు నన్ను స్పైరోమీటర్ అంటారు, పేషెంట్లు ఊదే మిషన్ అంటారు. గుండెల నిండా పీల్చి నా గొట్టంలోకి బలంగా ఊదితే, మొత్తం ఎంత గాలి వచ్చిందో, అందులో మొదటి సెకనులో ఎంత వచ్చిందో చెబుతాను. మొదటి సెకనులో రావలసినంత రాకపోతే లోపలి గొట్టాలు బిగుసుకున్నాయని లెక్క. దానికి ఉబ్బసమని పేరు పెట్టడం డాక్టరు పని. తూచేవాడు సరుకుకు పేరు పెట్టకూడదు.

మన బజార్లో కొసరు లేకుండా ఏ బేరమూ ముగియదు. వంకాయలు కొంటే పైన కరివేపాకు పడాలి. నా దగ్గరా అంతే. ఆరు సెకన్లు దమ్మంతా పెట్టి ఊదినవాడికి తల తిరుగుడు కొసరు. కొందరికి దగ్గు తెర, కొందరికి ఛాతీ పట్టేసినట్టు. ఎప్పుడో ఒకరు రెండు క్షణాలు కళ్ళు తేలేస్తారు. పెద్దవయసు ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. అది మర్యాద కోసం చెప్పను, ముందుగా బాత్‌రూముకు వెళ్ళి రమ్మంటే చాలు. ఈ కొసరంతా కాసేపట్లో కరిగిపోయేదే. కానీ జనం అసలును మరిచిపోతారు, కొసరును ఊరంతా చెప్పుకుంటారు.

నేను పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. సరిగ్గా మూడు లీటర్లు పట్టే పంపుతో నాలోకి గాలి కొట్టి, నేను మూడు లీటర్లే చూపించాక ముద్ర వేసి పెట్టెలో పెట్టారు. నా జీవితంలో తల తిరగకుండా ఊదింది ఆ పంపు ఒక్కటే.

మొదట గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రి నన్ను కొన్నది. అక్కడ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఏ జబ్బూ లేదు. ఒళ్ళంతా ఒకేసారి చూపించుకునే ప్యాకేజీలో నేనూ ఒకదాన్ని. ఏమీ లేదని రుజువు చేసుకోవడానికి ఊదేవారు, తల తిరిగి కుర్చీ పట్టుకునేవారు, ఏదో ఉందన్న అనుమానంతో ఇంటికి వెళ్ళేవారు. ఊదే ముందు వాళ్ళకు రెండు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చేవారు. నా కొసరంతా అందులో వివరంగా ఉండేది. ఇంటి రిజిస్ట్రేషన్‌కు నలుగురు ప్లీడర్లను అడిగే మనిషి కూడా ఆ కాగితం చూసి ఒకటే అడిగేవాడు: "సంతకం ఎక్కడ?"

నాలుగేళ్ళకు కొత్త మోడల్ వచ్చింది. నన్ను చిలకలూరిపేటలో ఛాతీ వైద్యం చేసే పురుషోత్తం డాక్టరుగారికి అమ్మారు. అక్కడ నా బాధ్యత సువార్తమ్మది. ఇరవై ఏళ్ళుగా నర్సు. గొంతు ఎంత పెద్దదంటే, ఆమె "ఊదు ఊదు ఊదు" అంటుంటే వీధిలో పోయేవాళ్ళు కూడా ఊదేవారు. ఆ రెండు పేజీల కాగితాన్ని ఆమె రెండే మాటల్లో తెలుగు చేసింది: "ఏం కాదు."

ఆ ఊళ్ళో పరీక్ష అంటే పరగడుపు. షుగరు పరీక్ష నేర్పిన పాఠం అది, ఇంక దేనికైనా అదే. ఊపిరి పరీక్షకు కడుపు నిండుగా ఉండకూడదు, మరీ ఖాళీగానూ ఉండకూడదు, తేలిగ్గా తిని రమ్మని డాక్టరుగారు చెబుతారు. జనం శ్రద్ధగా వింటారు, ఇంటికి వెళ్ళి పక్కింటివాళ్ళను అడుగుతారు, పరగడుపున వస్తారు.

నాగుల్‌మీరా కూడా అలాగే వచ్చాడు. షేక్ నాగుల్‌మీరా నాదస్వర విద్వాంసుడు. యాభై ఎనిమిదేళ్ళు. పేటకు దగ్గరి పల్లెలో వేణుగోపాలస్వామి పల్లకీ ముప్పై ఏళ్ళుగా ఆయన నాదస్వరం లేకుండా గడప దాటలేదు. పోయినేడు ఉత్సవాల్లో రాగం మధ్యలో దగ్గు తెర వచ్చి ఆపేశాడు. ఆలయ కమిటీ ప్రెసిడెంటు అందరి ముందే అన్నాడట, మళ్ళీ అట్లా జరిగితే వచ్చే ఏడు వేరే మేళాన్ని పిలుస్తామని. ఈ ఏటి ఉత్సవాలు ఆ సాయంత్రం అయిదింటికే మొదలు. తన ఊపిరికి ఏ లోపమూ లేదని ఒక కాగితం పట్టుకెళ్ళాలని నా దగ్గరికి వచ్చాడు. సరుకు తూచకముందే తూకం రాసివ్వమనే గిరాకీ అన్నమాట.

పొద్దున తొమ్మిదికి వచ్చినవాడికి మూడింటికి పిలుపు వచ్చింది. వెంట డోలు వాయించే ఏడుకొండలు ఉన్నాడు.

"బాబాయ్, గట్టిగా పీల్చి ఒక్కసారిగా కొట్టాలి. కోపంగా కొట్టాలి" అంది సువార్తమ్మ.

నాగుల్‌మీరా గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పీల్చాడు. తరువాత వదిలాడు. కొట్టలేదు, వదిలాడు. గీత గీసినట్టు సన్నగా, సమంగా, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ. ఆరు సెకన్లు దాటాయి, పది దాటాయి. సువార్తమ్మ "ఊదు ఊదు" అని అరిచి అరిచి ఆయాసపడి గోడకు ఆనుకుంది. ఇరవై రెండో సెకనుకు ఆయన గొట్టం తీసి, చప్పట్ల కోసం చూసే మనిషిలా తల ఎత్తాడు. నేను నా పద్ధతి ప్రకారం తెర మీద ఎర్ర అక్షరాలు చూపించాను.

"ఏమంటుందమ్మా?"

"ప్రయత్నం చాల్లేదంట బాబాయ్."



"నలభై ఏళ్ళ సాధకం భాయ్. నిమిషంలో తేల్చేసింది" అన్నాడు ఏడుకొండలు. "ఇంక నేను డోలెందుకు మొయ్యటం, ఉల్లిపాయల బండి పెట్టుకుంటా."

"నువ్వు నోరు మూసుకో ఏడుకొండలూ." తరువాత సువార్తమ్మ వైపు తిరిగాడు. "దమ్ము దాచుకోటం నేర్చుకోటానికి నాకు పదేళ్ళు పట్టిందమ్మా. ఇదేందీ, పారబొయ్యమంటంది?"

"పారబొయ్యాలి బాబాయ్. ఇది దుబారా మిషను."

ఆమె మాట నిజం. ఉన్నదంతా ఒక్క సెకనులో కుమ్మరించేవాడికే నేను మంచి మార్కులు వేస్తాను. పొదుపు చేసేవాడు నా తెర మీద బద్ధకస్తుడిలా కనపడతాడు. నన్ను తయారు చేసినవాళ్ళు మేళం విన్నవాళ్ళు కారు.

రెండోసారీ, మూడోసారీ అంతే. పడిన అలవాటు మారదు. నాలుగోసారి ఎర్ర అక్షరాలు చూసేసరికి ఆయన ముఖమూ అదే రంగుకు వచ్చింది. అయిదోసారి నా మీదా, సువార్తమ్మ మీదా ఉన్న కోపమంతా కలిపి కొట్టాడు. నా లోపలి చక్రం గిర్రున తిరిగింది. కోపం చల్లారక అట్లాంటివే ఇంకో రెండు కొట్టాడు. లెక్కకు పనికొచ్చే ఊదుళ్ళు మూడూ దొరికాయి. ఆయన మాత్రం తెల్లబడి, కుర్చీలో పక్కకు ఒరిగిపోయాడు.

"అమ్మా, గాలంతా లాగేసింది మిషను" అని ఏడుకొండలు తలుపు తీసి కేకేశాడు. బయట ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. నలుగురు లేచి ఇంటికి వెళ్ళిపోయారు. నేను ఎన్నడూ ఎవరి గాలినీ లాగలేదు. ఇచ్చింది పుచ్చుకోవడమే నా వృత్తి. కానీ యంత్రం మాట ఎవరు వింటారు?

సువార్తమ్మ ఆయన తల మోకాళ్ళ మధ్యకు వంచి పట్టుకుంది. అర నిమిషంలో తేరుకున్నాడు.

"ఏమన్నా తిన్నావా బాబాయ్?"

"పరీక్ష కదమ్మా. రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలా."

"నాలుగు ఇడ్లీలు తినొచ్చుంటే ఈ రాద్ధాంతం ఉండేది కాదు."

టీ, బిస్కెట్లు వచ్చాయి. తరువాత డాక్టరుగారు వచ్చి గీతలు చూసి, గొట్టాలు వదులయ్యే మందు నాలుగు పీల్పులు ఇచ్చారు. పావుగంట ఆగి మళ్ళీ ఊదాలి. ఈ పావుగంటలో దిగే కొసరు నాది కాదు, ఆ మందుది. పేరు మాత్రం నాకే వస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. బస్తాలు మోసేవాడికైతే పట్టింపు లేదు. నాగుల్‌మీరా రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. నాదస్వరం రంధ్రాల మీద ముప్పై ఏళ్ళు స్వామికి ఊడిగం చేసిన వేళ్ళు, గాలికి చింతాకుల్లా ఆడుతున్నాయి.

"ఏడుకొండలూ, నా వేళ్ళు చూడరా" అన్నాడు మెల్లగా.

మళ్ళీ ఊదాడు. ఇప్పుడు పారబోయడం వచ్చింది. డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "ఉబ్బసమే. కానీ మందుకు లొంగేది. మందు పడ్డాక మొదటి సెకను గాలి పావు వంతు పెరిగింది చూడు. రోజూ మందు పంపు పీలిస్తే హాయిగా వాయించుకోవచ్చు."

"పంపు అలవాటైతే మానలేరంట కదా సార్?"

"అన్నం అలవాటై ఎన్నేళ్ళయింది? మానగలిగావా?"

"ఈ వణుకు, సార్?"

"రెండు మూడు గంటల్లో అదే పోతుంది."

"అయిదింటికి పల్లకీ సార్."

డాక్టరుగారు గడియారం చూశారు. నాలుగూ పది. "రేపటికి పెట్టుకోకూడదా?"

"స్వామిని అడిగి చెప్తాను సార్" అని నాగుల్‌మీరా లేచాడు. లోపం లేదన్న కాగితం కోసం వచ్చినవాడు, లోపం ఉందన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని వెళ్ళాడు.

తరువాత జరిగింది వారం రోజులకు ఏడుకొండలు వచ్చి చెప్పాడు. వచ్చింది తన ఆయాసం చూపించుకోవడానికి. ఇడ్లీలు తిని, పైన దోసె కూడా తిని వచ్చాడు. ఆ సాయంత్రం పల్లకీ లేచింది. నాగుల్‌మీరా తోడి రాగం మొదలుపెట్టాడు. వేళ్ళు రంధ్రాల మీద నిలవలేదు, ప్రతి స్వరమూ కాస్త ఊగింది. కానీ ఊపిరి మాత్రం రెండేళ్ళుగా లేనంత ధారాళంగా, ఒక్క దగ్గు లేకుండా, పల్లకీ నాలుగు వీధులూ తిరిగి గుడి చేరేదాకా వచ్చింది. ప్రెసిడెంటు ఎదురొచ్చి శాలువా కప్పాడట.

"ఏమయ్యా మీరా, ఇన్నాళ్ళూ ఈ గమకాలు యాడ దాచిపెట్టావు?"

వచ్చే ఏడు కూడా నువ్వేనని అక్కడే మాట ఇచ్చేశాడు. మర్నాటికి వణుకు తగ్గింది, నాగుల్‌మీరా మచ్చ లేకుండా వాయించాడు. ప్రెసిడెంటు పెదవి విరిచి, నిన్నటి పట్టు లేదన్నాడట. నేను లోకానికి పంచిన కొసరులో శాలువా తెచ్చుకున్నది అదొక్కటే. అది కూడా నాది కాదు, మందుది.

తరువాత ప్రతి ఏడూ ఆయన తిని వచ్చి, ఊది వెళ్ళేవాడు. ఏడేళ్ళ తరువాత నాలో కాగితం మీద అచ్చు పడటం ఆగిపోయింది, లెక్క తప్పసాగింది. మూడు లీటర్ల పంపు కొడితే రెండున్నర చూపించాను. తూకం తప్పినవాడికి బజార్లో చోటు లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. డాక్టరుగారు అరచేతిలో పట్టే కొత్తదాన్ని కొన్నారు. నన్ను పాత సామాన్లవాడికి వేయబోతుంటే నాగుల్‌మీరా అడ్డం పడ్డాడు.

"కొలత పోయింది బాబాయ్. ఏం చేసుకుంటావు?" అంది సువార్తమ్మ.

"కొలత నాకెందుకమ్మా? ఆ ఒక్క మాట పలుకుద్దా?"

"ఏ మాట?"

"ప్రయత్నం చాల్లేదని."

ఆమె మెల్లగా ఊది చూసింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

ఇప్పుడు నేను ఆయన వసారాలో, శ్రుతి పెట్టె పక్కన, చాప మీద ఉంటాను. శిష్యులు ఎవరి కాగితపు గొట్టం వారు తెచ్చుకుని నాలోకి ఊదుతారు. ఒక్కసారిగా కొట్టినవాడికి నేను బాగుందని ఆకుపచ్చ వెలుగు చూపిస్తాను. "తప్పు, మళ్ళీ" అంటాడు గురువుగారు. దాచుకుని వదిలేవాళ్ళకు తల తిరగదు, దగ్గు రాదు. ఇంత నష్టం లేని వ్యాపారం నేను ఎన్నడూ చేయలేదు.

ఆయన కూతురు రేష్మా రెండేళ్ళుగా నా ముందు కూర్చుంటోంది. ఈ రెండేళ్ళలో ఆయన ఆమెను నాదస్వరం ముట్టనివ్వలేదు. నిన్న ఇరవై నాలుగు సెకన్లు వదిలింది, తొడ మీద తాళం వేస్తూ. ప్రయత్నం చాలలేదని నేను ఎర్రగా చూపించాను. ఆయన లేచి వెళ్ళి, నాదస్వరం పెట్టె తెరిచాడు.