పిడుగు ఒప్పుకోవాలి

ఆ వారమంతా అమ్మకు కలలో ఒక పసిపిల్ల కనిపిస్తూనే ఉంది. కుట్టుమిషను పక్కన నిలబడి, తెల్లగౌను సరిపోయిందో లేదో చూడమన్నట్టు చేతులు చాచేది. ముఖం మాత్రం చూపించేది కాదు. మెలకువ వచ్చాక కూడా ఆ పిల్ల ఇంట్లోనే తిరుగుతున్నట్టుండేది. బడి యూనిఫారాలు కుట్టి పొట్టపోసుకునే మనిషికి కలలో కూడా కుట్టుపనే, ఏం చేస్తాం!

ఆసుపత్రి గదిలోనూ అంతే. కిటికీ బయట పొగమంచు, లోపల మందుల వాసన. తెల్లతెర కాస్త కదిలితే చాలు, దాని వెనక ఆ గౌను అంచు కనిపించినట్టయ్యేది.

మంచం మీద కూతురు కాళ్ళూపుతూ కూర్చుంది. పదమూడేళ్ళు నిండినా తొమ్మిదేళ్ళ పిల్లంత ఉంటుంది. నోరు విప్పితే మాత్రం ఇల్లు అదిరిపోతుంది. పిల్ల కాదు పిడుగు అని ఎవరో అన్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. డాక్టరమ్మ దాన్ని టర్నర్ సిండ్రోమ్ అంది. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము తక్కువట. అందుకే ఎత్తు పెరగదు. ఇంజెక్షన్లు ఎప్పటినుంచో నడుస్తున్నాయి గానీ, వాటితో వచ్చేది కొంచెమే. అండాశయాల్లో ఉన్న కాసిని అండాలు కూడా పిల్ల పెద్దదయ్యేలోపే హరించుకుపోతాయి. నిరుటి రక్తపరీక్షకీ ఈ ఏటిదానికీ చాలా తేడా వచ్చింది. పూర్తిగా పోకముందే అండాశయంలోంచి చిన్న ముక్క తీసి, గడ్డకట్టించి దాచొచ్చు అంది డాక్టరమ్మ. పనికొస్తుందని హామీ ఇవ్వలేను అని కూడా అంది. అమ్మ ఆ రెండో మాట చెవిన వేసుకోలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ స్టూలు లాక్కుని పిడుగు ఎదురుగా కూర్చుంది.

“రేపు ఏం చేయబోతున్నామో తెలుసా తల్లీ?”

“తెలుసు. పొడుగు ఆపరేషన్. అయ్యాక నేను అమ్మని మించిపోతాగా!”

అమ్మ తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూసింది.

“ఇది పొడుగు కోసం కాదమ్మా,” అని డాక్టరమ్మ లేచి అమ్మకేసి తిరిగింది. “మీరే చెప్పండి. నిజం తెలిశాక పిల్ల సరేనంటేనే నేను ముందుకెళ్తాను. వద్దంటే ఇంటికి పంపేస్తాను.”

ఆమె వెళ్ళాక తలుపు మూసుకుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ బాగా అతికింది, ఇప్పుడు పీకితే చర్మం ఊడేలా ఉంది.

అమ్మ చెప్పింది. తడబడుతూ, చెప్పిందే చెబుతూ, చివరికంటా చెప్పింది. పిడుగు కాళ్ళూపడం మానేసింది.

“పిల్లలు పుట్టరంటే నేను ఏడుస్తాననుకున్నావా?”

“నేనేడుస్తానని భయమేసిందే.”

“ఇదంతా చేస్తే పుడతారా?”

“పుట్టకపోవచ్చట.”

“పెద్దయ్యాక నాకసలు పిల్లలే వద్దనిపిస్తే?”

అదేం మాటే అనబోయింది అమ్మ. అప్పటికే తెర పక్క నుంచి ఆ తెల్లగౌను పిల్ల వచ్చి ఆమె వేలు పట్టుకుంది. చిన్ని గుప్పిటి వెచ్చదనం కూడా తెలుస్తోంది. ఇంకొక్క అబద్ధం ఆడితే చాలు, ఈ వేలు వదలదు. కానీ కడుపున పుట్టింది ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది. పుట్టనిదాని కోసం పుట్టినదాన్ని ఎన్నాళ్ళు మభ్యపెడతావు అని మనసు నిలదీసింది.

“వద్దనిపిస్తే పారేయమని చెప్పొచ్చు. నువ్వే చెప్పాలి. నేను నోరెత్తను,” అంది అమ్మ.

ఆ మాట అన్నాక వేలు చల్లబడింది. తెర దగ్గర ఎవరూ లేరు. ప్రాణం ఉసూరుమంది.

పిడుగు కిటికీ బయటి మంచుకేసి తిరిగింది.

“సరే, దాచమను. నీ మనవరాలి కోసం కాదు. అప్పుడు నాకేం కావాలో ఇప్పుడు తెలీదు కదా, అందుకు.”

“నా బంగారమే!” అని అమ్మ దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల ఆ చేయి తోసేసి, మంచం మీద ముడుచుకుపోయి, వెక్కి వెక్కి ఏడవసాగింది.

“ఏమైందే? ఒప్పుకున్నావుగా! భయమేస్తోందా?”

“దానికి కాదు,” అంది పిడుగు దిండులో ముఖం దాచుకుని. “పొడుగైపోతానని బళ్ళో అందరికీ చెప్పేశానమ్మా.”

అమ్మ చెప్పులు విడిచి, మంచమెక్కి, పిల్ల వెనకే ఆనుకుని పడుకుంది.