బట్టల బరువు

రెండు కిలోల ఇనుప గుండును తూకం యంత్రం పళ్ళెంలో పెట్టి, ముల్లు రెండు కిలోల గీత మీద ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసిందామె. ఆగింది. గుండు తీసేసి, పళ్ళేన్ని తడిగుడ్డతో తుడిచి, అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని దాని మీద ఆనించి ఉంచింది. చల్లటి రేకు వీపుకు తగిలితే పసివాళ్ళు గుక్కపట్టి ఏడుస్తారు. ఏడ్చే బిడ్డ కదులుతుంది. కదిలే బిడ్డకు సరైన తూకం రాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెకు ఇలాగే తెల్లవారుతోంది.

పిల్లల ఆసుపత్రిలో అందరూ ఆమెను తూకం పెద్దమ్మ అంటారు. పొట్టి మనిషి. మెడ కనపడనంత గుండ్రటి భుజాలు, ఎప్పుడూ మోచేతుల పైదాకా కడిగిన చేతులు, కాళ్ళకు తూకం గదిలో మాత్రమే వేసుకునే రబ్బరు చెప్పులు. మందుల సంగతి తెలియదు, సూది పట్టదు. బిడ్డను తూచడం, అంకెను కార్డు మీద వేయడం, డాక్టరమ్మ గదిలోకి పంపడం, ఇంతే ఆమె పని. అదే ఆమెకు బోలెడంత గొప్ప. మొన్న బస్సులో కండక్టరు గదమాయిస్తుంటే, "పుట్టినప్పుడు రెండు కిలోల నూట యాభై ఉన్నావు. ఇప్పుడీ గొంతెక్కడిదిరా?" అంది. బస్సంతా నవ్వింది. "అందరి ముందూ ఎందుకు పెద్దమ్మా" అంటూ అతను సీటు చూపించాడు.

ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. రేపటి నుంచి చెల్లెలి ఇంట్లో, కిటికీ ఉన్న గదిలో, పొద్దెక్కేదాకా పడుకోవచ్చు. సభలూ ఉపన్యాసాలూ పెడితే పారిపోతానని నర్సును ముందే బెదిరించింది.

పదకొండు దాటాక, మూడు నెలల పాపతో ఆ పిల్ల వచ్చింది. తల్లే గానీ పిల్లలాగే ఉంటుంది, పందొమ్మిదేళ్ళు దాటి ఉండవు. ఇది నాలుగోసారి రావడం. పాప ఒంటి మీద రెండు చొక్కాలు, ఉన్ని కోటు, టోపీ, కాళ్ళకు మేజోళ్ళు.

"విప్పమ్మా."

"వద్దు పెద్దమ్మా. ఆసుపత్రిలో బట్టలు తీస్తే రొమ్ము పడిశం పడుతుందట. ఆ ఆకుపచ్చ గోడ అక్క చెప్పింది."

ఆకుపచ్చ గోడ ముందు కూర్చుని ఫోను వీడియోల్లో పిల్లల పెంపకం గురించి చెప్పే ఆ అక్క, ఇక్కడికొచ్చే తల్లుల్లో సగం మందికి తెలుసు. కిందటి రెండుసార్లూ ఈ పిల్ల ఇలాగే బతిమాలింది. బయట క్యూ గుమ్మం దాటి ఉండటంతో, పెద్దమ్మ సరేలెమ్మని బట్టలతోనే తూచి, నూట యాభై గ్రాములు అంచనాగా తీసేసి అంకె వేసింది. తన అంచనా తప్పదని ఆమెకు గట్టి నమ్మకం.

ఇవాళ పాపను అందుకున్నప్పుడు టోపీ కాస్త పక్కకు జరిగింది. నడినెత్తి లోపలికి పోయినట్టుంది. పాప ఏడవలేదు. కళ్ళు తెరిచి ఊరికే చూసింది.

"విప్పు" అంది మళ్ళీ. ఈసారి గొంతు వేరు. ఆ పిల్ల మారుమాట్లాడకుండా విప్పింది.

నాలుగు కిలోల ఎనభై గ్రాములు. కార్డు మీద రెండు వారాల కిందట తన చేతిరాతలోనే నాలుగున్నర కిలోలు ఉంది. గుండు పెట్టి చూసింది. యంత్రం తప్పు కాదు. విప్పిన బట్టలను కుప్పగా పళ్ళెంలో వేసింది. ముల్లు నాలుగు వందల ఎనభై దగ్గర ఆగింది. అది తాను నూట యాభై అనుకున్న బరువు.

పెద్దమ్మ కార్డును మళ్ళీ చూసింది. నెలరోజులుగా ఈ బిడ్డ ఎదగడం లేదు. ఆ సంగతి తెలియాల్సింది తనకు. ఎదుగుతోందని రాసి సంతకం పెట్టింది కూడా తనే.

"పాలు ఎలా కలుపుతున్నావు? నా ముందు కలిపి చూపించు."

తల్లిపాలు చాలక డాక్టరమ్మ రాసిన డబ్బా పాలే పాప తాగుతోంది. రెండు చెంచాల పొడి పడాల్సిన నీళ్ళలో ఆ పిల్ల ఒక్క చెంచా వేసి, చెంచా అంచుకు సమానంగా పొడిని చదును కూడా చేసింది. ఎంత శ్రద్ధో!

"చిక్కగా పోస్తే పసిపొట్ట మండుతుందట. సగం పొడి చాలంది అక్క."

"మరి తాగాక ఊరుకుంటుందా?"

"ముందు బాగా ఏడ్చేది. ఇప్పుడు ఏడవడమే మానేసింది. పొట్ట కుదురుకుందనుకున్నా."

పెద్దమ్మ కార్డు తీసుకుని, క్యూను దాటుకుని, డాక్టరమ్మ బల్ల ముందు నిలబడింది.

"ఈ కార్డు మీద కిందటి రెండు అంకెలూ తప్పు డాక్టరమ్మా. బట్టలతో తూచాను."

రాస్తున్న డాక్టరమ్మ తలెత్తింది. "నువ్వా?"

"నేనే."

ఆ తర్వాత పనులన్నీ వేగంగా జరిగిపోయాయి. రక్తం తీశారు. నర్సు కొలత ప్రకారం పాలు కలిపింది. డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి చూసి, చర్మం పట్టి వదిలి చూసి, ఆ పిల్ల వైపు తిరిగింది.

"నీళ్ళతో కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు నిండదమ్మా. ఇంకొన్నాళ్ళు ఇలాగే పోస్తే ఫిట్సు కూడా రావచ్చు. నన్నొక్క మాట అడగకపోయావా?"

"మీరసలు తలెత్తరుగా మేడమ్!" ఆ పిల్ల భళ్ళున ఏడ్చేసింది. "అడుగుదామనుకునేలోపే ఇంకొకళ్ళను పిలుస్తారు. ఆ అక్కయితే బంగారూ అని పిలుస్తుంది. రెండుసార్లు చెబుతుంది."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, పొడి ఎంత, నీళ్ళెంత, ఎన్నిసార్లు, అన్నీ చెప్పింది. తర్వాత రెండోసారి చెప్పింది.

నాలుగింటికి రక్తం ఫలితం వచ్చింది. భయం లేదు, సమయానికి దొరికింది, రెండు రోజులకోసారి తూకానికి తెస్తే చాలన్నారు. అప్పటికి పాప రెండుసార్లు కడుపునిండా తాగి, మూడోసారి పాల కోసం ఆసుపత్రి అదిరేలా ఏడుస్తోంది. ఆ ఏడుపు విని పెద్దమ్మ ముఖం విప్పారింది.

"గొంతు చూడు, కండక్టరు పనికొస్తుంది నీ కూతురు."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ అక్క చెడ్డది కాదు పెద్దమ్మా."

"చెడ్డదని ఎవరన్నారు? ఆవిడ నీ పాపను చూడలేదు. నేను చూశాను, రెండుసార్లు ఎత్తుకున్నాను కూడా. అయినా కనిపెట్టలేకపోయాను." కోటు మడిచి ఆ పిల్ల సంచిలో పెట్టింది. "ఎల్లుండి రా. నాలాగా ఎవరు సరేలెమ్మన్నా ఒప్పుకోకు. బట్టలన్నీ తీయించి తూయించు."

"మీరుంటారుగా?"

"తూకం ఉంటుంది."

పాప కార్డు మీద పాత అంకెలు రెండింటినీ కొట్టేసి, పక్కన 'బట్టలతో తూచినది' అని రాసి సంతకం పెట్టింది. పళ్ళెం తుడిచింది. తాళంచెవి నర్సు చేతిలో పెట్టి, ఆమె కళ్ళు తడి అవుతుంటే, "ఉపన్యాసం వద్దన్నానా?" అని బుగ్గ గిల్లి, పక్క గుమ్మం నుంచి వెళ్ళిపోయింది. బస్సు వెంటనే దొరికింది. కిటికీ పక్క సీటు కూడా.

మర్నాడు కొత్తగా చేరిన అమ్మాయి గది తెరిచి, కూర్చోవడానికి కుర్చీ వెనక్కి లాగింది. బల్ల కింద, మడమల దగ్గర అరిగి పల్చబడ్డ రబ్బరు చెప్పుల జత ఒకటి, వేళ్ళు తూకం యంత్రం వైపు తిరిగి, పక్కపక్కనే ఉంది.