అవదియా చూపు

అవదియా తన కడుపు వంక చూడడం ముబీనాకు బొత్తిగా నచ్చేది కాదు. కువైట్‌లో అబూ హలీఫాలోని ఆ ఇంట్లో రాయచోటి ముబీనా పనిమనిషి, ఆమె మొగుడు దావూద్ డ్రైవరు, సూడాన్ నుంచి వచ్చిన అవదియా వంటమనిషి. ముబీనాకు ఏడో నెల దాటినప్పటి నుంచీ ఆ నల్లటి పొడుగాటి మనిషి చేపలు తోముతూ తోముతూ చెయ్యి ఆపి, రెప్ప వెయ్యకుండా కడుపునే చూసేది. పిల్లాజెల్లా లేని మనిషి, అలా ఎందుకు చూస్తుంది మరి?

"ఆ యమ్మ సూపు మంచిది గాదు. బిడ్డకు దిష్టి తగుల్తాది" అని దావూద్‌తో చెప్పి, ప్రతి శుక్రవారం ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి సాంబ్రాణి బొగ్గుల మీద పోసేది. ఆ ఘాటుకు అవదియా దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకునేది గానీ ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. నిజానికి దిష్టి ఉంటే మిరపకాయలకు ఘాటే రాదని చిన్నప్పుడు ముబీనాకు వాళ్ళమ్మే చెప్పింది. అనుమానం పట్టిన మనిషికి అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి!

పుట్టింటికి పోయి సెప్టెంబరులో కనాలనుకుంది. 1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చి పడింది. వేసవికి లండన్ పోయిన యజమానులు అక్కడే ఉండిపోయారు. నెలాఖరులో, మూడు వారాల ముందే, పొద్దున్నే ముబీనాకు నొప్పులు మొదలయ్యాయి. దావూద్ కారు తీస్తే వీధి చివర సైనికులు కారు లాక్కుని అతన్ని వెనక్కి నడిపించారు.

అప్పటికి అవదియా మూట కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. బస్రా మీదుగా పోయే తమ దేశస్థుల లారీలో ఆమెకు ఎలాగో చోటు దొరికింది. ముబీనా కేక విని మూట అక్కడే దించేసింది. లోపలికొచ్చి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని పక్కన కూర్చుంది. ముబీనా అంత నొప్పిలోనూ పైట లాగి కడుపు కప్పుకుంది. ఈమె వద్దని మొగుడికి సైగ చేసింది.

అవదియా పైట తొలగించి అరబ్బీలో నెమ్మదిగా చెప్పింది. "బిడ్డ అడ్డంగా ఉంది. తిరుగుతుందేమోనని నెల రోజులుగా చూస్తున్నాను."

బయట లారీ రెండుసార్లు హారన్ కొట్టింది. మూడోసారి కొట్టలేదు. అవదియా తల కూడా ఎత్తకుండా, నొప్పికీ నొప్పికీ మధ్య అరచేతులతో బిడ్డను కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల ఏడుపు వినిపించింది.

ఈ పని ఎక్కడ నేర్చావని ముబీనా అడిగితే, గుడ్డలు ఉతుకుతూ చెప్పింది. సూడాన్‌లో సర్కారే నేర్పి, మందుల పెట్టె ఇచ్చి పంపిందట. అయిదూళ్ళకు తానొక్కతే మంత్రసాని. జీతం నెలల తరబడి రాకపోతే పెట్టె ఇంట్లో పెట్టి కువైట్ విమానమెక్కింది. మరుసటేడు చెల్లెలికి బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రి కోసం గాడిదబండి మీద రెండు రోజులు తిప్పారు. తల్లీ బిడ్డా దక్కలేదు.

"నా చేతులు అప్పుడు ఇక్కడ చేపలు తోముతున్నాయి" అంది.

ఇప్పుడక్కడ ఎవరున్నారని అడిగింది ముబీనా.

"ఎవరూ లేరు. ఉన్న ఒక్క డాక్టరూ నాకన్నా ముందే రియాద్ వెళ్ళాడు."

ఆ మాటకు ముబీనాకు ఏడుపొచ్చింది. తనను కాపాడిన ఆ చేతులు అక్కడివాళ్ళవి కదా అనిపించింది.

పది రోజులకు ఇండియావాళ్ళ బస్సు కుదిరింది. జాబితాలో పేరున్నవాళ్ళకే చోటు. అవదియాను కూడా ఎక్కించుకోమని దావూద్ ఎంత బతిమాలినా వాళ్ళు వినలేదు. సూడాన్ లారీ ఇంకొకటి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

బిడ్డనెత్తుకుని ముబీనా గేటు దగ్గరకొచ్చేసరికి, అవదియా దూరంగా గోడ పక్కన ముసుగు ముఖం మీదికి లాక్కుని నేల చూపులు చూస్తోంది. ఏడుస్తోందేమోననుకుంది ముబీనా. పోయేముందు బిడ్డను చూడవా అని అడిగింది.

"వద్దు. దూరం పోయే బిడ్డ" అంది అవదియా. "దిష్టి మా ఊళ్ళోనూ ఉంది. ఆ మిరపకాయలు ఎందుకో నాకు తెలుసు."

ముబీనా సిగ్గుతో చచ్చిపోయింది. బస్సు డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. ముబీనా అవదియా ముసుగు తనే తొలగించింది. పొద్దున బిడ్డ బుగ్గన పెట్టిన కాటుక చుక్కను బొటనవేలితో పూర్తిగా తుడిచేసి, బిడ్డను అవదియా చేతుల్లో పెట్టింది.