ఆర్డిత్ వంటబండి కాటా ఎక్కిన రోజు

మా కాన్సస్ గాలి గురించి నేను చెప్పేవన్నీ కోతలేనని ఊళ్లో ఒక మాట ఉంది. గాలి నా టోపీని పక్క జిల్లాకు ఎత్తుకుపోయి, మర్నాడు ఎదురు తిరిగి తెచ్చి నా నెత్తినే పెట్టిందన్నందుకు వచ్చిన పేరది. ఉండనివ్వండి. ఆర్డిత్ స్ట్రెక్కర్ సంగతిలో మాత్రం నేను కలిపింది బహు తక్కువ. సహకార సంఘం గోధుమల గోదాము దగ్గర లారీలు తూచే కాటా చూసుకునేది నేనే కాబట్టి, జరిగినదంతా నా కళ్ల ముందే జరిగింది.

ఏటా మే నెలలో మా ఊరి కోత ముఠా దక్షిణాన టెక్సాస్‌కు దిగుతుంది. అక్కణ్ణించి గోధుమ ఎక్కడ పండితే అక్కడ కోసుకుంటూ, ఉత్తరాన కెనడా సరిహద్దు దాకా ఎక్కుతుంది. మిషన్లు గేలెన్ స్ట్రెక్కర్‌వి. వాళ్లకు పొలం గట్టునే వండిపెట్టేది అతని మేనత్త ఆర్డిత్. డెబ్బై దాటింది. క్యాబేజీ, మాంసం కూరి ఆవిడ కాల్చే రొట్టెల వాసనకు ఒకసారి నెబ్రాస్కాలో పిడుగుల వాన దారి మళ్లిందని నేను చెబుతుంటాను. ఆవిడ కాదనలేదు.

పోయిన చలికాలంలో ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. అదే చలికాలంలో ఆవిడ చక్రాల వంటిల్లు, అంటే పాత వంట ట్రైలర్, నేల పుచ్చిపోతే, గేలెన్ ఇంకా పెద్దది ఒకటి కొన్నాడు, ఎవరో వాడిందే. ముఠాలోని లారీలన్నిటికీ, గేలెన్ పికప్‌కూ మిషన్లూ, వాటి సరంజామా లాగే పనే సరిపోతుంది. అందుకని వంట ట్రైలర్ ఎప్పుడూ వంటమనిషి సొంత పికప్ వెనకే రావాలి. ఆర్డిత్ పికప్ పచ్చరంగుది, సగం తుప్పు. అది ఒకసారి చర్చిని పునాదితో సహా లాగుతుంటే లోపల పాదిరిగారు ప్రసంగం ఆపలేదని కూడా నేను చెబుతుంటాను. దీన్ని మాత్రం ఆవిడ కాదంది. ఆపాడట.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక పొద్దున కాఫీ హోటల్లో గేలెన్ నెమ్మదిగా మాట కదిపాడు.

“అత్తా, కొత్త ట్రైలర్‌ను నీ బండి లాగదు. ఈ ఏడాదికి ఇంటి పట్టున ఉండు. మావాళ్లు దారిలో ఏదో ఒకటి కొనుక్కుతింటారు.”

ఆవిడ కప్పు కింద పెట్టింది. “లాగదని నీకు నా బండి చెప్పిందా, నా మోకాలు చెప్పిందా?”

గేలెన్ చెడ్డవాడు కాదు. ఆవిడ ఎక్కడో కొండదారిలో పడిపోతుందని అతని భయం. ఆ మాట పైకి అనలేక నెపం బండి మీద పెట్టాడు. హోటల్లో ఉన్నవాళ్లంతా తలా ఒకటి అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. కాటా మీద ట్రైలర్ బరువు ఆవిడ బండి హద్దుకు సరిపోతే ఆర్డిత్ వెళుతుంది, సరిపోకపోతే ఉండిపోతుంది. ముప్పై వేసవులుగా ఆవిడ మా ఊళ్లో జూన్ నెల చూడలేదు. చూసే ఉద్దేశం ఇప్పుడూ లేదని నాతో చెప్పి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే ముఠా అంతా కాటా చుట్టూ చేరింది. మావాళ్లకు తెలిసిన లెక్క ఒకటే: బండి కదిలిందా లేదా. కదిలించడం ఎవడైనా చేస్తాడు. పల్లంలో దాన్ని ఆపాలి కదా. పైగా లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ ముక్కు పికప్ కొక్కెం మీద కూర్చుంటుంది. ఆ ముక్కు బరువు పికప్ వీపున మోసేదే. నడిపే మనిషీ, పక్కన కూర్చునే ఆవిడ కుక్కా దానికి అదనం. ఆర్డిత్ పికప్ తలుపు అంచున కంపెనీవాడు అంటించిన హద్దులు ఇవీ: ఏడు వేల పౌండ్లు లాగొచ్చు, పద్నాలుగు వందలు మోయొచ్చు.

ట్రైలర్‌ను మాత్రమే ముందు కాటా ఎక్కించాను. ఎనిమిది వేల పైన చూపించింది.

గేలెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “చూశావుగా అత్తా.” మిగతావాళ్లు తమ బూట్లు చూసుకున్నారు.

ఆవిడ ట్రైలర్ చుట్టూ కుంటుతూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. “ఖాళీది ఐదు వేలని అమ్మినవాడు చెప్పాడు. నా గిన్నెలూ, పిండీ కలిపి మూడు వేలా? నేనేమన్నా పటాలానికి వండుతున్నానా?”

ముందువైపు సామాను అర తలుపు తెరిచింది. లోపల కోత మిషను గొలుసులు, కత్తులు, జాకీలు, వెల్డింగు పెట్టె, ఏ కాలందో ఒక గేర్లపెట్టె. మంచం కింద చూస్తే ఇంకా ఇనుము. కోతకు పోయేవాళ్లకు ఖాళీ జాగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చలికాలమంతా ఒకడికి తెలియకుండా ఒకడు, దారిలో పనికొస్తుందని తెచ్చి దోపారు. గేలెన్ కూడా దోపాడని అతని మొహమే చెప్పింది.

ఆవిడ ఒక గొలుసు లాగి కంకర మీద పడేసింది.

“అవి లేకుండా మిషను ఆగితే ఎట్లా అత్తా?”

“నీ మిషనుకు నీ బండ్లున్నాయి. ఇది నా వంటిల్లు.”

ఇద్దరు సాయానికి వంగారు. “ఎవరూ ముట్టుకోవద్దు,” అంది. “నా వల్ల కాదని కదా మీ అనుమానం. నిలబడి చూడండి.”

నిలబడి చూశారు. ఎత్తగలిగింది ఎత్తింది, ఎత్తలేనిదానికి తాడు కట్టి ఈడ్చింది. కాలు నొప్పి పుట్టినప్పుడు మెట్టు మీద కూర్చుని, ఎవరి వంకా చూడకుండా మళ్లీ లేచింది. మధ్యాహ్నానికి అక్కడ లేచిన ఇనుప గుట్ట మీద జెండా పాతితే చదునైన మా రాష్ట్రానికి అదే శిఖరం అయ్యేది.

మళ్లీ తూచాను. ఆరు వేల నాలుగు వందలు. ఎవరో ఈల వేశారు. కానీ పని అక్కడితో అయిపోలేదు. ట్రైలర్ ముక్కు ఒక్కటే కాటా మీద ఉండేటట్టు పెట్టి తూస్తే నాలుగు వందలే వచ్చింది. ఇనుమంతా ముందు ఉండేది, వంటిల్లేమో వెనక. ఇప్పుడు ముక్కు తేలిక, తోక బరువు. అట్లాంటి ట్రైలర్ గాలికి తోక ఊపి పికప్‌ను కూడా గుంటలోకి విసురుతుందని చెప్పాను.

“ఎల్డన్, ఇది నీ టోపీ కథ లాంటిదేనా?”

“కాదు ఆర్డిత్. ఇది నిజం.”

గేలెన్ మెత్తబడ్డాడు. కొంచెం ఇనుము తిరిగి ముందు పెడితే సరిపోతుందనీ, తానే సర్దుతాననీ అన్నాడు.

“ఇనుము నా దగ్గరా ఉంది,” అందావిడ.

వెనక అరల్లోంచి పోత ఇనుప పెనాలు, పిండి బస్తాలు, చక్కెర, ఊరగాయ సీసాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి ముందు అరలో, తను పడుకునే మంచం కింద సర్దింది. వెనక తొట్టిలోని నీళ్లు వదిలేసింది. వండే చోట నీళ్లు దొరక్కపోతే అక్కడ గోధుమ మాత్రం ఎట్లా పండిందట? ఈసారి మొత్తం ఆరు వేలకు కాస్త పైన, ముక్కు ఏడు వందలు. దానికి కొక్కెం సామాను, కుక్క, ఆవిడ. తన బరువు అందరి ముందూ గట్టిగా చెప్పి కలుపుకోమంది. కలిపాను. మోసే హద్దుకు ఇంకా చాలా దిగువన ఉంది.

గేలెన్ టోపీ తిరిగి నెత్తిన పెట్టుకున్నాడు. “దారిలో మోకాలు నొప్పి పుడితే?”

“పుడితే నొప్పిగా ఉంటుంది. వంట ఆగదు.”

బయల్దేరే రోజున ఆవిణ్ణి అందరి వెనకా రమ్మన్నాడు, ఏమైనా అయితే ముందువాళ్లు ఆగొచ్చని. కానీ ముఠాలో ఎప్పుడూ వంటబండే ముందు పోతుంది. మిషన్లు పొలం చేరేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతుండాలి. ఆవిడ పచ్చ పికప్‌ను వరస ముందుకు తెచ్చి నిలిపింది. ట్రైలర్ దాని వెనక బల్లపరుపుగా నిలబడింది.

ఆ ఇనుప గుట్టంతా గేలెన్ తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. దాని వెనక భాగం నేలకు ఆనింది, ముందు దీపాలు ఆకాశంలోకి చూస్తున్నాయి. అతని బండిని కూడా ఒకసారి తూచమంటావా అని అడిగాను. అక్కర్లేదన్నాడు.

ఆర్డిత్ కిటికీలోంచి తల బయటపెట్టింది.

“తూచు ఎల్డన్. సరిపోకపోతే ఇంటి పట్టున ఉంటాడు.”

దక్షిణం రోడ్డు ఎక్కి వెళ్లిపోయింది. గేలెన్ పికప్ దిగి, ఒక గొలుసు తీసి పక్క లారీలో వేశాడు. ఆ తర్వాత గేర్లపెట్టె దించడానికి ఇద్దర్ని పిలిచాడు.