చెన్నమ్మకు చెవుడు

"సుబ్బన్నగారి ఇల్లు ఇదేనా?" అని అడిగింది గడప ముందు నిలబడిన అమ్మాయి.

"ఈడ సుబ్బన్న ఎవురూ లేడమ్మా. ఇది మా బావ లేవి ఇల్లు," అంది స్తుతి. ఆమె వారానికొకసారి బద్వేలు నుంచి వచ్చి, అక్క పోయిన ఇంట్లో బావకింత వండిపెట్టి పోతుంది.

లోపల మంచం మీద లేవి లేచి కూర్చున్నాడు. ఏడేళ్ల తర్వాత ఆ పేరు వెతుక్కుంటూ ఇంటికొచ్చింది.

అమ్మాయి పేరు పద్మప్రియ. బెంగుళూరులో భూమి కింద కట్టిన మెట్రో స్టేషను చరిత్రను ఆ స్టేషను గోడ మీదే పెడుతున్నారట. అరవై అడుగుల గుంత తవ్విన కూలీల ఫోటోలు ఆమె సేకరిస్తోంది. మంగంపేట గనుల్లో ముగ్గురాయి తవ్విన ముఠా ఒకటి అక్కడ పనిచేసిందని తెలిసి వచ్చింది. ఫోనులో ఒక ఫోటో చూపింది. పసుపు టోపీ కింద స్తుతి అక్క కృపారాణి నవ్వుతోంది, పక్కనే లేవి.

"మీ భార్య చెన్నమ్మగారు. పనిలో చనిపోయింది ఈమె ఒక్కరే. చెవుడు వల్ల క్రేను దగ్గరి కేకలు వినపడలేదని రాసి ఉంది. నిజమేనా?" అని లేవిని పోల్చుకుని అడిగింది.

"నిజమే," అన్నాడు లేవి.

స్తుతి చేతిలోని చెంబు కింద పెట్టింది. "మా అక్క చెన్నమ్మ ఎప్పుడాయె? చెవుడు యాడిది? చర్చిలో మొగోళ్లు ఒక్క ముక్క తప్పు పాడినా తిరిగి చూసేది. ఇనుము పడి పోయిందంటివే బావా?"

ఎవరినో ఒకరిని కసురుకోవడం లేవికి అలవాటు. ఈసారి కసరడానికి మనిషి దొరకలేదు.

"మేస్త్రి గది బాడుగకిస్తా, మీరే కులమోళ్లు అన్నాడు. ఏసు పేరు చెప్తే ఇయ్యడని సుబ్బన్న, చెన్నమ్మ అని చెప్పినా. పనికాడా అవే రాసుకున్నాడు."

"అక్క ఒప్పుకునిందా?"

"బాప్తిస్మం పేరు మార్చేదానికి నువ్వెవురు అనింది. నోరు మూయించినా." లేవి గొంతు తగ్గింది. "కడ్డీల మోపు ఊగతా వచ్చింది. క్రేను మీదోడు చెన్నమ్మా, పక్కకు పో అని మూడు తూర్లు అరిసినాడు. ఆమె తిరగలే. ఆ పేరు తనదని ఎప్పుడూ గుర్తుండేది గాదు."

"నువ్వు యాడుండావు?"

"పది గజాల్లో. నేనూ చెన్నమ్మా అనే అరిసినా. మేస్త్రి పక్కనే ఉండాడని. పోలీసులడిగితే చెవుడని చెప్పినా."

పద్మప్రియ రాయడం ఆపింది. "పేరు దిద్దుతాను. చెవుడు మాట తీసేస్తాను. మిగతాది గోడ మీద రాయరులెండి."

లేవి ఊపిరి వదిలాడు. వదిలినందుకు వెంటనే తల దించుకున్నాడు. స్తుతి అది చూసింది.

"గోడ మీద రాయకుంటేనేం? దేవుడు పిలుచుకున్నాడని ఏడేండ్లు మాతో ప్రార్థన చేయించినావు. ఆదివారం సాక్ష్యాలప్పుడు లెయ్యి. మా అక్కను ఎవురు, ఏమని పిలిసినారో సంఘానికి చెప్పు."

"చెప్తా."

"కూసోని గాదు బావా."

లేవి తల ఎత్తలేదు. "నిలబడే చెప్తా," అన్నాడు.