ఎనిమిది అంగుళాల్లో పట్టని మాట

నాచారం మెయిన్‌రోడ్డు మీద ట్యాబ్‌లు అమ్మే నాగేందర్‌ది ఒకటే పద్ధతి. వచ్చినవాడి జేబు కంటే ముందు వాడి ఒడి చూడాలి. మెట్రోలో నిలబడి చూసేవాడికి ఎనిమిది అంగుళాలు, మంచమ్మీద ఒరిగి చూసేవాడికి పది, బల్ల మీద పెట్టుకుని చదివేవాడికి పదకొండు. కొలత తప్పిన సరుకు తిరిగొస్తుంది. తిరిగొచ్చిన సరుకు పాత సరుకు కిందే జమ.

శశిధర్ తన తండ్రిని ఆటోలోంచి దింపి, భుజం పట్టి నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు కూడా నాగేందర్ లెక్క అక్కడి నుంచే మొదలైంది. పెద్దాయన పేరు జనార్ధనరావు. రైల్వేలో అధికారిగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతంతో మాట పడిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో బరువులా పడి ఉంది. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే ఆయన చెప్పినట్టు కదులుతోంది, అదీ వణుకుతూ.

"బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ఉందట కదా, అది వేసి ఒక ట్యాబ్ ఇవ్వండి," అన్నాడు శశిధర్. "నాన్నను ఒక వృద్ధుల హోమ్‌లో చేరుస్తున్నాం, జవహర్‌నగర్ అవతల. ఆయన ఇష్టపడే వస్తున్నట్టు వాళ్ళకు వీడియో పంపాలి. తల ఊపితే చాలదట. ఈ జబ్బులో దేనికైనా ఊపుతారని వాళ్ళ అనుమానం."

"గట్లయితే పదకొండు తీసుకోండ్రి సార్. వణికే ఏలికి గడి పెద్దగుండాలె. దీంట్ల పన్నెండు గళ్ళు పడ్తయ్. చిన్నదాంట్ల నాలుగే. ఐదోది పెడితే ఏలు పక్కదాని మీద పడ్తది."

ఆ మాట నిజం. పెద్దదాంట్లో తనకు మిగిలేది ఎక్కువన్నదీ నిజం.

వెనక బల్ల దగ్గర రిపేర్లు చూసుకునే అతని భార్య దీప నవ్వింది. "పెద్దది అమ్మకుంటే మా ఆయనకు అన్నం సయించదు సార్. ఇయ్యాల మాత్రం సక్కగనే చెప్తుండు."

నాగేందర్ పదకొండు అంగుళాలది తెరిచి పెద్దాయన ముందు పెట్టాడు. పన్నెండు గళ్ళు, పన్నెండు బొమ్మలు. "పెద్దసారూ, చాయ్ తాగుతరా?"

వేలు తెర మీద కాసేపు తారాడి, కుడివైపు చివరి గడి మీద దిగింది. ట్యాబ్‌లోని ఆడగొంతు "వద్దు" అంది.

"మంచినీళ్ళు?"

"సరే."

"చూసిన్రా, తెలివి మస్తుగుంది సార్‌కు," అంది దీప.

శశిధర్ నవ్వలేదు. "ఇవన్నీ అక్కడ నేర్పుతారు లెండి. ఎల్లుండి నుంచి వాళ్ళే చూసుకుంటారు."

"వద్దు," అంది ట్యాబ్.

ఈసారి పెద్దాయనను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన కొడుకు ముఖంలోకే చూస్తున్నాడు. వేలు లేచి మళ్ళీ అక్కడే పడింది. "వద్దు. వద్దు."

"చిన్నది చూపించండి," అన్నాడు శశిధర్.

"ధర ఫికరైతే జర తగ్గిస్త సార్."

"ధర గురించి కాదు."

ఆ మాటతో నాగేందర్ చేతులు నెమ్మదించాయి. తగ్గిస్తానన్నా వద్దనే గిరాకీకి కావలసింది వేరే ఏదో ఉంటుంది. ఎనిమిది అంగుళాలది తీసి యాప్ ఎక్కించాడు. "ఏమేం పెట్టాలె?"

"నీళ్ళు, అన్నం, బాత్రూమ్, సరే."

దీప తల ఎత్తింది. "వద్దు పెట్టరా సార్?"

"నాలుగే పడతాయన్నది మీ ఆయనే కదమ్మా. ఏది తీసెయ్యమంటారు? నీళ్ళా?"

నాగేందర్‌కు ఇప్పుడు లెక్క తేలింది. పెద్ద తెర మీద నాలుగే గళ్ళు పెడితే మిగతా చోటు బోసిగా కనబడుతుంది, అక్కడ ఇంకో మాట ఎందుకు లేదని ఎవరైనా అడుగుతారు. చిన్న తెర నిండుగా ఉంటుంది. అడిగినా, పట్టలేదంటే సరిపోతుంది. ఆ జవాబును శశిధర్ చేతిలో పెట్టింది తానే. అమ్మనని ఇప్పుడంటే పక్క దుకాణంలో కొంటాడు. పెద్దాయనకు ఒరిగేదేమీ లేదు, తనకు బేరం పోతుంది. ఆ లెక్క సరిగ్గానే ఉందనిపించింది. ఎందుకో రెండోసారి చూసుకోబుద్ధి కాలేదు.

"ఈ ఆడగొంతు బాగోలేదు, వీడియోలో నవ్వులాటలా ఉంటుంది," అన్నాడు శశిధర్. "మగ గొంతు కావాలి. మీరే చెప్పండి."

"మీరే చెప్పొచ్చు కద సార్?"

"నా గొంతైతే నేను చెప్పించినట్టు ఉంటుంది."

నాగేందర్ ట్యాబ్ నోటి దగ్గర పెట్టుకుని నాలుగు మాటలూ పలికాడు. చివరిది రెండుసార్లు పలకాల్సి వచ్చింది.

శశిధర్ ఆ ట్యాబ్‌ను తండ్రి ముందు పెట్టి, ఫోన్ పట్టుకుని వీడియో మొదలుపెట్టాడు. "నాన్నా, హోమ్‌కు వెళ్దామా?"

పెద్దాయన వేలు లేచింది. కుడివైపుకు, ఇందాకటి చోటికే వెళ్ళింది. ఈ తెర అంతదాకా లేదు. వేలు అంచు దాటి గల్లా అద్దం మీద దిగింది. టక్. మళ్ళీ టక్. ఏ మాటా రాకపోయేసరికి ఆయన తన వేలి వంక, తర్వాత నాగేందర్ వంక చూశాడు. నాగేందర్ డబ్బాలోంచి చార్జర్ తీసే పనిలో పడ్డాడు.

శశిధర్ వీడియో ఆపాడు. ట్యాబ్‌ను కుడివైపుకు జరిపి మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అడిగాడు. వేలు పాత చోటే వెతుక్కుంటూ వచ్చి దిగింది. ఈసారి దాని కింద గడి ఉంది.

"సరే," అంది నాగేందర్ గొంతు.

తర్వాతి వారం హోమ్ మేనేజర్ దుర్గాభవాని ఫోన్ చేసింది. ఆమెది మర్యాద గల మాటతీరు. "జనార్ధనరావు గారి ట్యాబ్ మీ దగ్గర కొన్నదేనట కదండీ. మా దగ్గర మాట పోయిన వాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళందరికీ కావాలి. అదే సైజు, అవే నాలుగు గళ్ళు. గొంతు కూడా అదే ఉంచండి, స్పష్టంగా ఉంది."

"పెద్దసారు ఎట్లున్నరు మేడమ్?"

"ఏ ఇబ్బందీ లేదండీ. ఏదడిగినా సరే అంటారు."

నాగేందర్ బీరువా వైపు చూశాడు. ఎనిమిది అంగుళాలవి అన్ని లేవు. సోమవారానికి తెప్పిస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"ఎవలు?" అంది దీప, బల్ల మీది నుంచి తల ఎత్తకుండా.

"గిరాకీ," అన్నాడు.